పన్నెండు వరుసల గది

ఇరవై రెండేళ్లుగా ఒకే భాషలో కంప్యూటర్ ఆటలు రాసిన ఆవిడకు, ఇప్పుడు కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడమంటే మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్నట్టే అనిపించింది. నేర్చుకుంటుందో లేదో తెల్లారేసరికి మేనేజరుకు చెప్పాలి. రాత్రి ఆఫీసు ఖాళీ అయ్యాక, చూద్దాం పోనీ అనుకుని ఆ భాషలో పన్నెండు వరుసల ప్రోగ్రాం రాసింది. తెర మీద ఒక గది, మూసిన తలుపు, నడిచే చిన్న బొమ్మ. అంతే.

బొమ్మ నడిచింది! ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి చెల్లెలికి ఫోన్ చేసింది.

"నడిచిందే! మొదటిసారికే నడిచింది!"

"నీ సంబరం వింటే నా నిద్ర ఎగిరిపోయిందక్కా! అవునూ, ఆ అడుగుల చప్పుడు కూడా నువ్వే పెట్టావా?"

ఆవిడ చప్పుడేమీ పెట్టలేదు; చెల్లెలికీ అదే చెప్పింది. అయినా స్పీకర్లోంచి అడుగులు మెల్లగా వినిపిస్తున్నాయి. బొమ్మ మాత్రం కదలకుండా తలుపు వైపు తిరిగి నిలబడి ఉంది. నడుస్తున్నది తలుపుకు అవతల. అక్కడ ఆవిడ ఏమీ రాయలేదు.

ఒళ్లు ఝల్లుమంది. ఆ వెంటనే నవ్వొచ్చింది. తను రాసినదాంట్లో తనకు తెలియనిది ఉండి ఎన్నేళ్లయిందో!

"అక్కా, అది కట్టేసి ఇంటికి వెళ్లిపో."

"ఉండవే," అంటూ ఆవిడ మేనేజరుకు 'నేర్చుకుంటాను' అని మెసేజ్ కొట్టింది. ఈ భాషలో తలుపు తెరవడం ఇంకా రాదు. పుస్తకం లాక్కుని ఆత్రంగా పుటలు తిప్పసాగింది.

అడుగులు ఆగాయి. అవతలి నుంచి ఎవరో మర్యాదగా తలుపు తట్టారు.

"వస్తున్నా, వస్తున్నా," అంది ఆవిడ సంతోషంగా, ఇంకో పుట తిప్పుతూ.