జత చేయని కాగితం

ఉదయం పదకొండు ఇరవైకి ఆరో నంబరు కిటికీలోంచి ఫైలు నాలుగోసారి వెనక్కి వచ్చింది.

"మీ అమ్మగారి పెళ్లి కాగితమేదమ్మా?" అన్నాడు గుమాస్తా. "అది లేనిదే ఫైలు కదలదు."

కూతురు తల్లి వైపు తిరిగింది. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. సాయంత్రం ఐదులోగా పౌరసత్వ పత్రం చూపకపోతే అది జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది.

"మొదటిసారి పెట్టెలో ఉందన్నావు. తర్వాత పిన్ని దగ్గరుందన్నావు. పోయినసారి వానకు తడిసిందన్నావు. ఇవాళేమైంది, కాకెత్తుకుపోయిందా?"

తల్లి గోడకు అంటించిన పాత పౌరసత్వ చట్టం చదువుతోంది. వచ్చిన ప్రతిసారీ అదే చదివింది. ప్రెస్సులో ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. మందు సీసా మీది చీటీ కూడా చివరిదాకా చదవందే మూత తీయదు.

"అమ్మా, నిన్నే! నాన్న ఈ దేశం మనిషి కాదు, ఇప్పుడు లేనేలేడు. నాకున్న ఆధారం నువ్వొక్కదానివే."

"పెళ్లి కాలేదు," అంది తల్లి.

వరుసలో వెనకున్నవాళ్లు ముందుకు వంగారు.

"ఏంటీ?"

"మీ నాన్నకూ నాకూ పెళ్లి కాలేదు. కలిసి ఉన్నాం. అంతే."

గుమాస్తా కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "మరి ఫారంలో అయిందని రాసిందెవరు?"

"నేనే," అంది కూతురు.

"ఈ ముక్క మొదటిరోజే చెబితే ఇన్నిసార్లు తిరిగేవారా? మీరు పుట్టినప్పటి చట్టం ప్రకారం పెళ్లయితే బిడ్డది తండ్రి దేశం. కాకపోతే తల్లిది. తర్వాత మార్చారు గానీ, అది మీ వెనక పుట్టినవాళ్లకే." అతను తెల్లకాగితం ముందుకు తోశాడు. "పెళ్లి కాలేదని రాసివ్వండమ్మా."

తల్లి మూడు వాక్యాలు రాసింది. రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది. పన్నెండు పదికి పౌరసత్వ పత్రం మీద ముద్ర పడింది.

మెట్ల మీద కూతురు ఆగింది.

"ఇరవై ఆరేళ్లు నాకు అబద్ధం చెప్పావు."

"ఆసుపత్రికి వెళ్లు. ఆలస్యమవుతుంది."

"నాతో మాట్లాడకు."

కూతురు బస్సెక్కింది. తల్లి ప్రెస్సుకు వెళ్లింది. మూడింటికి, కటింగ్ మెషీన్ దగ్గర ఎవరూ లేనప్పుడు, సంచి అడుగు నుంచి మడతల కాగితమొకటి తీసింది. పరాయి దేశపు ముద్ర, ఇరవై ఏడేళ్ల కిందటి తేదీ. చివరిదాకా చదివి కత్తి కింద పెట్టింది.

అది పెళ్లి కాగితం.