మందపు గ్రీజు

రిమోట్ బొమ్మ ట్యాంకుల పోటీకి ముందు బేరింగుల కొట్టు యజమాని చేతిలో ముప్పై రెండు కొత్త బేరింగులు, ఒక గ్రీజు డబ్బా, నిరుడు బావ అందరి ముందూ అన్న మాట ఉన్నాయి: "నీ ట్యాంకు కన్నా నత్త నయంరా, బామ్మర్దీ!"

ఆ బావే ఈసారి తన రిమోట్ ట్యాంకుకు కూడా చక్రాల బేరింగులు మార్చిపెట్టమన్నాడు. యజమాని తన చక్రాలకు పల్చటి నూనె వేసుకుని, బావ చక్రాలకు మందపు గ్రీజు దట్టించాడు.

ఇప్పుడు రెండు ట్యాంకులూ ఏటవాలు చెక్క ఎక్కుతున్నాయి. యజమానిదే ముందుంది.

"నత్త ఎవరిది బావా?"

"తొందరపడకురా."

సగం ఎక్కాక ఈల మోగింది. మోటారు ఆపి, పది లెక్కపెట్టేదాకా అక్కడే నిలపాలి. కసిలో యజమాని ఆ నియమమే మరిచాడు. మూడు అనేలోపే అతని ట్యాంకు జర్రున కిందికి జారింది. గ్రీజు పట్టిన బావ ట్యాంకు కదల్లేదు.

బావ అతణ్ణి వాటేసుకున్నాడు.

"చక్రాలు బరువుగా తిరుగుతుంటే నామీద కసి తీర్చుకున్నావనుకున్నా. నన్ను గెలిపించడానికా! నిరుటి మాట వెనక్కి తీసుకుంటున్నానురా."

"అయ్యో, దానికేముంది బావా," అన్నాడు యజమాని.

గెలుపు పోయింది. పగబట్టడానికున్న ఒక్క మాటనూ బావ పట్టుకుపోయాడు. మిగిలింది సగం డబ్బా గ్రీజు.