నాలుగు సాళ్ళ నేల

గునపం రాయికి తగిలి ఖంగుమంది.

డ్రిప్పు పైపు కోసం మిరపచేలో కాలువ తవ్విస్తున్న రాంబాబు వంగి చూశాడు. మట్టి తుడిస్తే రాయి నెత్తిన ఉలితో కొట్టిన గుర్తు కనపడింది. సర్వే రాయి. రెండు పొలాలకీ హద్దు చెప్పే రాయి.

గట్టు మీద ఉండాల్సింది, అతని చేలోకి నాలుగు సాళ్ళు లోపలికి ఉంది.

అంటే ఆ నాలుగు సాళ్ళ నేల రాంబాబుది కాదు. పక్క పొలం సాంబయ్యది.

సాంబయ్య పోయి అప్పటికి రెండేళ్ళు.

రాంబాబు గట్టు మీద కూలబడ్డాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఆ నేల కోసం జరగని రభస లేదు. వీరులపాడు నుంచి వచ్చి ఆ పొలం కొనుక్కున్న సాంబయ్య మనిషి మోటు. మాట అంతకంటే మోటు. వచ్చిన ఏడాదే గట్టు జరిగిందని, అసలు రాయి రాంబాబు చేలో పూడిపోయిందని గొడవకి దిగాడు. తవ్వి చూద్దామన్నాడు. కాపు మీదున్న తోటలో గునపం పెడితే కాళ్ళు విరుస్తానన్నాడు రాంబాబు. సాంబయ్య గేదెల్ని తోటలోకి తోలాడు. రాంబాబు సాంబయ్య మోటారు వైర్లు పీకేశాడు. రెండిళ్ళ ఆడవాళ్ళు బోరింగు దగ్గర కూడా ఎడమొహం పెడమొహమే.

రాంబాబు అబద్ధమాడలేదు. తండ్రి చూపించిన గట్టే హద్దని నమ్మాడు. ఏటా పారతో చెక్కినప్పుడల్లా గట్టు పిసరంత పిసరంత జరుగుతుందని అతనికి తట్టలేదు.

చివరికి ఊరి పెద్ద కామేశం గారు తీర్పు చెప్పారు. వేదాద్రి నరసింహస్వామి ముందు తడిబట్టలతో ప్రమాణం. వెనక్కి తగ్గినవాడు మళ్ళీ ఆ నేల ఊసెత్తకూడదు.

"రేపే పోదాం పదండి. నాకేం భయం?" అన్నాడు సాంబయ్య. "వీడి సంగతే చూసుకోండి. వీడి నోటిమాటకి విలువెంతని?"

ఆ మాట రాంబాబుకి గుచ్చుకుంది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఐదేళ్ళ కూతురు నీహారికని మోపెడ్ మీద వేదాద్రి తీసుకెళ్ళాడు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి పుట్టిన ఒక్క పిల్ల.

రాంబాబూ సాంబయ్యా కృష్ణలో మునిగి, నీళ్ళోడుతూ స్వామి ముందు నిలబడ్డారు. నేల ఎవరి చేతిలో ఉందో వాళ్ళే ముందు చెయ్యాలన్నారు కామేశం గారు.

రాంబాబు కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు.

"పిల్లెందుకురా మధ్యలో?" అన్నాడు సాంబయ్య.

"దీని తలమీద చెయ్యి పెట్టి చెప్తా. నువ్వెవరి తలమీద పెడతావులే. బిడ్డల్లేనోడికి ప్రమాణాలొక లెక్కా?"

సాంబయ్య పిల్ల వంక చూశాడు.

పూజారి కర్పూరం వెలిగించాడు. రాంబాబు చెయ్యెత్తాడు.

"ఆగు," అన్నాడు సాంబయ్య. "ఆ నేల నాకొద్దు. నువ్వే దున్నుకో."

తడిబట్టలతోనే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

దేవుడి ముందు నిలబడలేని దొంగ అని ఊరు అతనికి పేరు పెట్టింది. టీ బడ్డీ దగ్గర కనపడితే చాలు, వేదాద్రి పోదామా సాంబయ్యా అని అడిగేవాళ్ళు. అతను టీ తాగి, గ్లాసు పెట్టి వెళ్ళిపోయేవాడు. కాటికి పోయేదాకా ఆ పేరు పోలేదు.

ఆ వానాకాలమే నీహారికకి మెదడువాపు జ్వరం వచ్చింది. విజయవాడ ఆసుపత్రిలో పదకొండు రోజులు కళ్ళు తెరవలేదు. పన్నెండో రోజు తెరిచి మంచినీళ్ళడిగింది.

నిజం తన వైపుంది కాబట్టే స్వామి పిల్లని దక్కించాడనుకున్నాడు రాంబాబు. అప్పట్నుంచి ఏటా వేదాద్రి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, కళ్ళనీళ్ళతో దణ్ణం పెట్టుకుని వస్తున్నాడు. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఆ పిల్ల ఇప్పుడు నందిగామ హాస్టల్లో ఉండి తొమ్మిది చదువుతోంది.

రాంబాబు గట్టు మీద నుంచి లేచి, మట్టి చేతులతోనే సాంబయ్య ఇంటికి నడిచాడు. సాంబయ్య భార్య పున్నమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది.

రాయి దొరికిందని చెప్పాడు. రేపే నాలుగు సాళ్ళూ వదిలి కొత్త గట్టు వేయిస్తానన్నాడు.

"వేయించు," అందామె చేట ఆపకుండా.

"రాయి అక్కడుందని బాబాయికి తెలుసా పిన్నీ?"

సాంబయ్యని వరస పెట్టి పిలవడం అతనికి అదే మొదలు.

"తెలీకేం. పొలం కొన్ననాడే పాత కాగితాలు చూసి కొలుచుకున్నాడు."

"మరి ప్రమాణం చెయ్యకుండా ఎందుకొచ్చేశాడు? ఊరంతా అన్నన్ని మాటలంటే ఎందుకు పడ్డాడు?"

పున్నమ్మ చేట కింద పెట్టింది.

"ఆయన చేసేవాడే. ముందు చేసేది నువ్వాయె. తెలీక చేసినా దేవుడి ముందు అబద్ధం అబద్ధమే గదా. పసిదాని తలమీద అది పడకూడదని వచ్చేశాడు."

రాంబాబు మట్టి అంటిన తన అరచెయ్యి చూసుకున్నాడు.

"అయినా ఆ పిల్లకి జ్వరమొచ్చిందని తెలిసి మనిషి నిలవలేకపోయాడు," అంది పున్నమ్మ. "పదకొండు రోజులూ పొద్దున్నే బస్సెక్కి వేదాద్రి పోయి, తడిబట్టలతో స్వామి ముందు ప్రమాణం చేసొచ్చేవాడు నాయనా, నీ చెయ్యి ఆ పిల్ల తలకి తగల్లేదని."