గట్టు మీద అభ్యంతరం

రెడ్డిగూడెంలో రసాల కోత సీతారావమ్మ తిట్లతో మొదలవుతుంది.

ఏటా అంతే. బసవపున్నారావు మామిడితోటలో కాయలు దించే చిక్కం గెడలు లేచాయో లేదో, ఆమె గట్టెక్కుతుంది. ఎక్కడ పడితే అక్కడ నిలబడదు. బసవపున్నారావు ఇల్లు తోటలోనే ఉంది. ఆ ఇంటి దక్షిణపు కిటికీకి సరిగ్గా ఎదురుగా నిలబడి, కొంగు బిగించి, గుప్పెడు దుమ్ము తీసి అటు విసురుతుంది.

"ఆ రెండు వరసలూ నా మొగుడు నాటినవి. మగదిక్కు లేదని కంచె జరిపావు. నీ పచ్చటి చెట్టే నీ నెత్తిన విరిగిపడాలి."

ఇది మచ్చుకి మాత్రమే. మిగతావి అచ్చు వేసేవి కావు.

ఆమె భర్త పోయిన ఏడే బసవపున్నారావు కంచె జరిపాడు. కాపుకొచ్చిన చిన్నరసాలు రెండు వరసలు అటు వెళ్ళిపోయాయి. అవి తిరిగి తన చేతికి వచ్చేదాకా మామిడిపండు ముట్టనని సీతారావమ్మ ఒట్టు పెట్టుకుంది. అప్పుడు నల్లగా ఉన్న జుట్టు ఇప్పుడు తెల్లగా నెరిసింది. పగ మాత్రం పచ్చిగానే ఉంది. చుట్టూ మామిడితోటలున్న ఊళ్ళో పండు ముట్టకుండా బతకడం ఎంత కష్టమో ఆ ఊరివాళ్ళకే తెలుస్తుంది.

ఒకసారి నూజివీడు వెళ్ళి ప్లీడరుని కలిసింది. పన్నెండేళ్ళు దాటాక అనుభవిస్తున్నవాడిదే హక్కు అని ఆయన ఫైలు కూడా తెరవకుండా చెప్పేశాడు. ఆ ఏడు తిట్లు ప్లీడరుకి కూడా పడ్డాయి.

అరవై నాలుగు వేసవిలో వీరభద్రరావు వచ్చాడు.

రెడ్డిగూడెంలో పుట్టినవాడే. మద్రాసులో లా చదివి, లండన్ వెళ్ళి, దేశాల సరిహద్దుల మీద దిండంత పుస్తకం రాశాడు. ఆ పుస్తకం పట్టుకుని ఎన్ని దేశాలు వాదించుకున్నాయో లెక్కలేదు. ఇప్పుడు దేశాల మధ్య తగువులు తీర్చే కోర్టులో జడ్జి. నూజివీడు వర్తకులు మామిడాకుల తోరణాలు కట్టి సన్మానం చేశారు. ఆయన ఏం తీర్పులు చెబుతాడో వాళ్ళలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఏటా పూత మీదే తోటల కాపు కొనే షావుకారు శ్రీరాములు, ఆ కోర్టులోనూ వాయిదాలు ఉంటాయా అని అడిగి తెలుసుకున్నాడు. ఉంటాయని విని స్థిమితపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే పంచాయతీ అరుగు మీద పెద్దలందరూ వీరభద్రరావు చుట్టూ చేరారు. సీతారావమ్మ నేరుగా వచ్చి ఎదురుగా నిలబడింది.

"దేశాల తగువులు తీరుస్తావట అబ్బాయీ. నా రెండు వరసల తగువు కూడా తీర్చు."

అందరూ నవ్వారు. వీరభద్రరావు నవ్వలేదు.

"నేను తీర్చకూడదు అత్తయ్యా. కావలసినవాళ్ళ తగువు జడ్జి వినకూడదు."

నిజమేనని పెద్దలు తలలూపారు. ఆమె భర్త ఉన్న రోజుల్లో ఆ వంటింట్లో మాగిన పళ్ళు తిన్నవాడే కదా.

"ఎదుటివాళ్ళు సరేనంటేనో?"

"మా కోర్టులోనూ అంతే. ఇద్దరూ ఒప్పుకుంటేనే విచారణ. ఒప్పుకున్నాక ఇక పేచీ ఉండదు."

అందరూ బసవపున్నారావు వైపు చూశారు. ఆయన మీసం దువ్వుకుని నవ్వాడు.

"మనవాడు చెబితే కాదంటానా? ఏం చెబితే అదే."

సీతారావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని కొందరు అనుకున్నారు.

కంచె ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉందనీ, నీళ్ళు పోసిందీ కాయ కోసిందీ తనేననీ, ఎవరూ కేసు వెయ్యలేదనీ బసవపున్నారావు చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎవరైనా అభ్యంతరం చెప్పారా అని వీరభద్రరావు అడిగాడు. శ్రీరాములు ఉండబట్టలేకపోయాడు.

"చెప్పకపోవడమేంటండీ. ఆవిడ తిట్లు అయితేగాని మా కోతగాళ్ళు రెండో చెట్టుకి వెళ్ళరు."

వీరభద్రరావు నూజివీడు కోర్టులో అయితే ఈ కేసు నిలవదన్నాడు. తనకు తెలిసిన న్యాయం వేరన్నాడు. పక్కదేశం తన నేల మీద కూర్చుంటే నోరు మూసుకున్న దేశం ఆ నేల పోగొట్టుకుంటుంది. ఎప్పటికప్పుడు కాదన్న దేశానికి, ఎన్నేళ్ళయినా హక్కు పోదు. ఏటా తిట్టడమంటే ఏటా అభ్యంతరం చెప్పడమే.

సీతారావమ్మ నడుము నిటారుగా అయింది.

"అయితే ఒకటి. ఆ అభ్యంతరం ఎదుటివాళ్ళ చెవిన పడాలి. పడితే చెట్లు ఆవిడవి. పడకపోతే చెప్పనట్టే లెక్క."

బసవపున్నారావు ఆ మాటని ఒడిసి పట్టుకున్నాడు.

"నా చెవిన పడనే లేదు. ఎవరో గట్టు మీద గాలికి తిట్టుకుంటే ఇంట్లో ఉన్న నాకెలా వినపడుతుంది? వినపడిందని మా ఇంట్లోంచి ఒక్కళ్ళని చెప్పమనండి."

చెప్పేదెవరు? పాలేళ్ళు ఆయన తిండి తినేవాళ్ళు. ఆయన భార్య ఆయన ఎదుట ఏనాడూ నోరు విప్పింది లేదు. వచ్చే ఏడూ ఆ తోట కాపు కొనాలి గనక శ్రీరాములు నేల చూపులు చూశాడు. సీతారావమ్మ ఇన్నేళ్ళ కోపమూ, ముట్టని పళ్ళూ ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాయి.

ఆమె మాత్రం కంగారు పడలేదు. జడ్జిగారి కళ్ళలోకే చూస్తోంది. ఏటా ఆ దక్షిణపు కిటికీ వైపు చూసినట్టే చూస్తోంది.

వీరభద్రరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బసవపున్నారావు వైపు తిరిగాడు.

"వినపడలేదంటే ఎలా నాన్నా, ఆవిడ గట్టెక్కగానే దక్షిణపు కిటికీ మూసెయ్యరా అని ఏటా నాకే కదా చెప్పేవారు."