పొత్తుపూస

"దొంగ! నా కమ్మ ఊడబీకుతాండాడు!"

గురమ్మ కేకకు మగ్గాల వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయినాయి.

ఆగవా మరి! ఊళ్లో అందరి చెవులకూ పొత్తుపూసలు ఉండాయి. రెండు వర్గాలు కొట్టుకు చస్తాంటే, కిందటేడు ఏదో కంపెనీ ఊరికే పంచిపెట్టిన పూసలవి. చెవికి పెట్టుకుంటే చాలు, పదిమందికి తోచిందే నీకూ తోస్తాది. ఆడోళ్లయితే కంసాలి దగ్గరికి పోయి కమ్మల్లోనే పొదిగించుకున్నారు.

మైదుకూరు బస్సు దిగి వచ్చిన ఆ ముసలాయన చేసిన నేరమల్లా, "ఆ పూస నాకిచ్చెయ్ తల్లీ" అని గురమ్మ చెవి వైపు చెయ్యి చాపడమే.

"కట్టెయ్యండప్పా వాణ్ని!" అన్నాడు పక్కింటి ఓబుళేశు.

"కట్టెయ్యండి!" అంది వీధి వీధంతా.

కరెంటు స్తంభానికి కట్టేసినారు. కట్టెతో ఒకరు, చెప్పుతో ఒకరు. "నా మాట ఇనండి నాయనా" అంటానే ఉండాడు పాపం. ఇంటే కదా!

గురమ్మ కోడలు శివపార్వతికీ ఒళ్లు మండింది. తనూ రాయి తీసుకుంది. విసరబోతూ అత్త మొహం చూసింది.

కమ్మలు రెండూ చెవులకే ఉండాయి! అయినా "నా కమ్మ పాయె" అని గుండెలు బాదుకుంటాండాది అత్త.

శివపార్వతి చేతిలోని రాయి జారిపోయింది. పూస పొదిగిన తన కమ్మను ఊడబీకి వీధిలోకి విసిరికొట్టింది. పోయి ముసలాయనకు అడ్డం నిలబడింది.

"ఏం పుట్టింది నీకు? ఊరంతా ఒక మాట, నీదొక మాటనా?" ఓబుళేశు కట్టె ఎత్తినాడు.

"అవునప్పా, నాదొక మాటే! ముందు నన్ను కొట్టు. కండ్లుంటే మా అత్త చెవులు చూడు!"

దెబ్బ భుజం మీద పడింది. కదల్లేదు మహాతల్లి.

అప్పుడు చూసినారు అందరూ గురమ్మ చెవుల వైపు. కట్టెలు కిందికి దిగినాయి.

కట్లు విప్పేసరికి ముసలాయన శివపార్వతి ఒళ్లోకి ఒరిగిపోయినాడు. ఏదో గొణిగితే ఆమె వంగి విన్నది. నీళ్లు తెచ్చేలోపే ఊపిరి పోయింది.

"మేం గాదమ్మా, ఆ పూస చేయించింది మాతో" అన్నాడు ఓబుళేశు తల వంచుకుని.

"ఔ, పూసే చేయించింది" అంది వీధి.

శివపార్వతి లేచింది. కండ్లనీళ్లు కూడా తుడుచుకోలేదు.

"సిగ్గులేని మాటలు ఆపండప్పా! ఆ పూసలు చేసింది ఈ మారాజే, చేసి తప్పు చేసినానని పోయిన ఉగాదికే వాటినన్నిటినీ పనిచెయ్యకుండా ఆపేసినాడంట!"