తిన్నగా ఉన్నాయా?

దుకాణంలో క్రిస్మస్ లైట్లన్నీ వెలిగించి పెట్టారు. ఆమెకు మాత్రం ఇంటికెళ్లి కాళ్లెప్పుడు చాపుకుంటానా అనే ధ్యాసే.

పొద్దుటి నుంచి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి వచ్చింది. కూతురేమో ఆరుతూ వెలిగే నీలం దండ పట్టుకుని వదలడం లేదు.

"అది వద్దు. ఆరకుండా వెలిగే పసుపుది తీసుకో."

"ఎందుకు?"

ఎందుకో ఆమెకూ సరిగ్గా తెలియదు. భర్త ఓసారి అలాంటి నీలందే తెచ్చి మర్నాడు మార్చుకొచ్చాడు. మేస్త్రీకి నచ్చలేదట. ఆ మేస్త్రీ ఎవరని ఆమె ఎన్నడూ అడగలేదు. బస్సు డిపోలో ఆయనకు స్నేహితులకేం కొదవ, వాళ్లలో ఒకడనుకుంది.

లైట్లు కట్టడం ఎప్పుడూ ఆయన వంతే. ఆమె పనిలో, పిల్ల బడిలో ఉండగానే కట్టేసేవాడు. వాళ్లు వచ్చేసరికి బాల్కనీ మీద వరస గీత గీసినట్టు ఉండేది.

ఆయన పోయాక ఇదే మొదటి క్రిస్మస్. నాన్న కట్టినట్టే ఉండాలని పిల్ల ఒకటే పట్టు. ఆ ఒక్కటీ చేసిపెడితే చాలనుకుంది తల్లి. ఈ ఏడాది పిల్లకు ఇంకేం ఇవ్వగలదు గనక.

ఆదివారం మధ్యాహ్నం స్టూలెక్కింది. ఇంటి ఓనరు మేకులు కొట్టనివ్వడు. గ్రిల్లుకి దారంతో కట్టాల్సిందే. పిల్లను వీధిలో నిలబెట్టి ఎలా ఉందని అడిగింది.

"వంకరగా ఉంది."

"ఎటు?"

"అటు."

"ఎటే?"

"నాన్న కట్టినట్టు లేదు."

తనే మెట్లు దిగి చూసి వచ్చింది. ఎడమవైపు లాగితే మధ్యలో పొట్ట వచ్చింది. పొట్ట సర్దితే కుడి కొస పైకి లేచింది. ఎక్కీ దిగీ తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు కనబడ్డాడు ఎదురింటి మేడమీది కిటికీలో ముసలాయన. దిండుకు ఆనుకుని ఆమెనే చూస్తున్నాడు. చెయ్యి బోర్లించి కిందికి ఊపుతున్నాడు, ఇలా రా అని పిలుస్తున్నట్టు.

ఆమె మొహం తిప్పుకుంది.

మళ్లీ చూస్తే మళ్లీ ఊపాడు. పైగా మూతి ఓ పక్కకు పెట్టి నవ్వు.

అసలే పుట్టెడు అలసట, దాని మీద ఇదొకటి. విసవిసా దిగి వెళ్లి ఎదురింటి వాచ్‌మన్‌ను నిలేసింది.

"పైనున్న ఆ పెద్దమనిషికి చెప్పు. మగదిక్కు లేని ఇల్లని అలుసైపోయిందా?"

వాచ్‌మన్ కొత్తవాడు. చెబుతానమ్మా అని మెట్లెక్కాడు. కాసేపటికి ఎవరో మగమనిషి వచ్చి కిటికీ రెక్కలు మూసేశాడు.

ఆమె కుడి కొసను ఎలా ఉన్నదాన్ని అలాగే ముడేసింది. చేతుల్లో ఇంక సత్తువ లేదు.

సాయంత్రం స్విచ్చి వేశాక పిల్ల వీధిలోంచి చాలాసేపు చూసింది.

"మేస్త్రీ చూశాడా అమ్మా?"

"ఏ మేస్త్రీ?"

"నాన్న అనేవాడుగా, మేస్త్రీ సరేనన్నాకే దిగానని."

"మేస్త్రీ లేడు, ఎవరూ లేరు. ఉన్నదాంతో సర్దుకో."

పిల్ల ఏడవలేదు. పేచీ పెట్టలేదు. లోపలికెళ్లి పడుకుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది తల్లికి.

పండగ వెళ్లాక ఆమె లైట్లు విప్పుతుంటే ఎదురింటి కోడలు బాల్కనీ గుమ్మంలోకి వచ్చింది. తమ మామయ్య వల్ల ఇబ్బంది పడ్డారట, ఏమీ అనుకోవద్దంది. ఆ రోజు తను ఇంట్లో లేదట. ఉంటే కిటికీ మూయనిచ్చేది కాదట.

"పోనీలెండి. ఇప్పుడు బుద్ధిగా ఉంటున్నారుగా," అంది ఆమె, చేతిలో పని ఆపకుండానే.

"పండగ ముందురోజు పోయారండీ."

ఆమె చేతిలో దండ ఆగింది.

రాత్రికి రాత్రే సొంతూరికి తీసుకెళ్లారట. పక్షవాతంతో మామయ్యకు మూతి వంకర పోయిందనీ, మాట పడిపోయిందనీ, ఆ ఒక్క చెయ్యే ఆడేదనీ కోడలు చెప్పింది. గొడవయ్యాక మంచం వెనకగదిలోకి మార్చారట. అక్కడ కిటికీ లేదు.

"గోడకేసి చూస్తూ చెయ్యి కిందికి ఊపుతూనే ఉన్నారు. కుడివైపు కాస్త దించమని. నాకొక్కదానికే తెలుసు దాని అర్థం."

"మీకెలా తెలుసు?"

కోడలు బాల్కనీ వంక చూసింది.

"ఏటా చూసేదాన్నిగా. మీ వారు ఇక్కడ కడుతుంటే మామయ్య అక్కణ్నుంచి ఎత్తూ పల్లం చూపించేవారు. జబ్బుపడ్డాక ఆయన నవ్వింది ఏడాదికి ఆ ఒక్కరోజే. జన్మలో ఇటుక ముట్టని మనిషిని పట్టుకుని, స్టూలు దిగేముందు మీ వారు ఒకటే కేక, 'ఇక దిగమంటారా, మేస్త్రీ గారూ?' అని."