భుజం మీద చెయ్యి

తండ్రి శవపేటిక ముందు మారిక్రూజ్ ఫక్కున నవ్వింది.

జపమాలలు తిప్పుతున్న ఆడవాళ్ల వేళ్లు ఆగిపోయాయి. "ఏమైందే నీకు? అక్కడ పడుకున్నది మీ నాన్నే!" అంది తల్లి. ఓదార్చబోయి మారిక్రూజ్ భుజం నొక్కిన ఆమె భర్త ఉలిసెస్ చటుక్కున చెయ్యి తీసేశాడు.

మారిక్రూజ్ అతన్ని వంటింట్లోకి లాక్కెళ్లింది. వచ్చినవాళ్ల కోసం పొయ్యి మీద దాల్చినచెక్క కాఫీ మరుగుతోంది.

"ఏం చేశావు నన్ను?"

"అలవాటు కొద్దీ నొక్కేశాను. మనసుని మలచడం నేర్పే ఆ ఎన్ఎల్‌పీ క్లాసులో చెప్పారు. నువ్వు నవ్వినప్పుడల్లా ఒకేచోట నొక్కుతూ ఉంటే, తర్వాత అక్కడ చెయ్యి పడగానే ఆ సంతోషమే తిరిగొస్తుందట."

"ఎప్పట్నుంచి సాగుతోంది ఇది?"

"మన గొడవలు ముదిరినప్పట్నుంచి. మన కాపురం నిలబడాలనేగా!"

"ఎంత కోపంలో ఉన్నా నువ్వు ముట్టుకుంటే కరిగిపోయేదాన్ని. నా మొగుడు బంగారమని నాన్నకి కూడా చెప్పుకున్నాను. ఆయన అదే నమ్మి పోయాడు."

"అది ప్రేమ కాదా మరి?"

"ఏమో, నాకే తెలీడం లేదు ఉలిసెస్. ఏది నాదో, ఏది నువ్వు నొక్కితే వచ్చిందో."

ఆమెకి ఏడుపొచ్చేసింది. అతని చెయ్యి దానంతటదే భుజం వైపు లేచింది. ఆమె గోడకి అతుక్కుపోయింది.

"ముట్టుకోకు. ఈ ఒక్క ఏడుపైనా నన్ను సొంతంగా ఏడవనీ."